మైక్రాన్‌లో పదో వంతు: జెఫ్రీ డియర్నలీ, అయాన్ పుంజాల కథ

ఒక నైట్రోజన్ అయాన్‌ను, అంటే విద్యుదావేశం ఉన్న పరమాణువును, లక్ష వోల్టులతో ఉరికించి ఉక్కు ముక్క మీదికి వదిలితే అది ఎంత లోతుకు దిగుతుంది? సుమారు మైక్రాన్‌లో పదో వంతు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అంటే నాలుగైదు వందల పరమాణు పొరలు దాటి ఆగిపోతుంది. వోల్టేజి రెట్టింపు చేస్తే లోతూ ఇంచుమించు రెట్టింపు అవుతుంది కానీ, యంత్రం ఖరీదు, దాని నుంచి వచ్చే ఎక్స్-రేల బెడద అంతకంటే వేగంగా పెరుగుతాయి. అందుకే ఫ్యాక్టరీలో పెట్టుకోదగ్గ యంత్రాలన్నీ ఈ లోతుకు అటూ ఇటూగానే ఉండిపోయాయి. రోజంతా రాసుకుని అరిగిపోయే పనిముట్టును ఇంత పల్చటి పొర కాపాడుతుందంటే వర్క్‌షాప్‌లో ఎవరికైనా నవ్వొస్తుంది. బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త జెఫ్రీ డియర్నలీ వృత్తి జీవితంలో పెద్ద భాగం ఆ నవ్వుకు జవాబు చెప్పడంలోనే గడిచింది. కొంత జవాబు దొరికింది. మిగతా దాని కోసం ఆయన దారే మార్చుకోవాల్సి వచ్చింది.

డియర్నలీ 1930లో పుట్టారు. కేంబ్రిడ్జిలో కేంద్రక భౌతికశాస్త్రంలో పరిశోధన చేసి, 1950ల్లో హార్వెల్‌లో చేరారు. హార్వెల్ అంటే ఆక్స్‌ఫర్డ్‌కు దక్షిణాన, యుద్ధకాలపు వైమానిక స్థావరంలో 1946లో మొదలైన బ్రిటన్ అణుశక్తి పరిశోధన కేంద్రం. దాని తొలి డైరెక్టర్ జాన్ కాక్‌క్రాఫ్ట్, యాక్సిలరేటర్‌తో వేగం పెంచిన కణాలతో పరమాణు కేంద్రకాన్ని మొదటిసారి చీల్చిన ఇద్దరిలో ఒకరు. ఆయన పెట్టిన సంస్థలో యాక్సిలరేటర్లకు కొదవేముంటుంది? పరిశోధన ప్రశ్నలు మారిపోయినా యంత్రాలు అక్కడే ఉంటాయి, వాటిని నడపడం తెలిసిన మనుషులూ ఉంటారు. ఈ రంగం చరిత్రలో ఈ సంగతికి దక్కాల్సినంత చోటు దక్కలేదు. అయాన్ పుంజాలతో లోహాలను గట్టిపరచవచ్చని ఎవరో ముందే ఊహించి యంత్రాలు కట్టలేదు. యంత్రాలు ముందు వచ్చాయి, వాటికి పని తర్వాత వెతుక్కున్నారు.

డియర్నలీ తొలి పనికి పూతలతో సంబంధమే లేదు. కేంద్రక చర్యల్లో వెలువడే కణాల శక్తిని కొలిచే సిలికాన్ డిటెక్టర్ల మీద ఆయన పనిచేశారు. వాటి గురించి నార్త్‌రప్‌తో కలిసి 1963లో పుస్తకం కూడా రాశారు. అయితే పల్చటి సిలికాన్ స్ఫటికం గుండా ప్రోటాన్లు వెళ్లేటప్పుడు ఒక వింత కనిపించింది. కొన్ని దిశల్లో అవి పోగొట్టుకోవాల్సినంత శక్తిని పోగొట్టుకోవడం లేదు. స్ఫటికంలో పరమాణువులు వరుసలుగా నిలబడి ఉంటాయి, వాటి మధ్య ఖాళీ దారులుంటాయి. ఆ దారికి సరిగ్గా ఎదురుగా వచ్చిన ప్రోటాన్ పెద్దగా దెబ్బలు తినకుండా లోపలికి జారిపోతుంది. దీన్ని చానెలింగ్ అంటారు. అమెరికాలో ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో రాబిన్సన్, ఓయెన్ అనే ఇద్దరు కంప్యూటర్ లెక్కల్లో ఈ ప్రవర్తనను అప్పటికే చూశారు. సిలికాన్‌లో దాన్ని ప్రయోగంగా చూపినవారిలో డియర్నలీ ఒకరు. ఆ ఫలితాలు 1964లో అచ్చయ్యాయి.

ఆ పని నుంచి తర్వాతి పాతికేళ్లకు పనికొచ్చిన చూపొకటి ఏర్పడింది. అప్పటిదాకా కేంద్రక శాస్త్రవేత్తకు స్ఫటికం ఒక టార్గెట్ మాత్రమే. కణం దాన్ని తాకి ఎటు పోయింది, ఎంత శక్తితో పోయింది అన్నదే లెక్క. చానెలింగ్ తర్వాత, కణం పోయాక ఆ స్ఫటికం ఏమైంది అన్నది కూడా ప్రశ్న అయింది. ఎన్ని పరమాణువులు తమ చోటు వదిలాయి? లోపలికి వచ్చిన పరమాణువు ఎక్కడ కూర్చుంది? ఈ ప్రశ్నలు అడగడం మొదలుపెట్టిన భౌతిక శాస్త్రవేత్త అప్పటికే సగం మెటీరియల్స్ ఇంజనీరు.

ఈ ప్రశ్నలకు అప్పట్లో డబ్బు పెట్టే చోటు కూడా ఉంది, సెమీకండక్టర్లు. అయాన్లను సిలికాన్‌లోకి కొట్టి దాని విద్యుత్ గుణాన్ని మార్చవచ్చన్న ఆలోచనకు విలియం షాక్లీ 1954లోనే పేటెంట్ దరఖాస్తు పెట్టారు, 1957లో అది మంజూరైంది. కానీ ఫ్యాక్టరీకి చేరడానికి ఇంకో పదిహేనేళ్లు పట్టింది. ఆ మధ్య కాలంలో హార్వెల్ ఈ విద్యకు పెద్ద కేంద్రాల్లో ఒకటి. అక్కడే హ్యారీ ఫ్రీమన్ రూపొందించిన, అయాన్లను పుట్టించే అయాన్ సోర్స్, ఆయన పేరుతోనే, చిప్‌ల పరిశ్రమ ఇంప్లాంటర్లలో, అంటే అయాన్లను లోపలికి కొట్టే యంత్రాల్లో, చాలా ఏళ్లు ప్రామాణికంగా నడిచింది. డియర్నలీ, ఫ్రీమన్, నెల్సన్, స్టీఫెన్ కలిసి 1973లో తెచ్చిన గ్రంథం ఆ తరం ఇంజనీర్ల బల్లల మీద ఉండేది.

చిప్‌ల దగ్గరే ఆగిపోయి ఉంటే ఇది మామూలు విజయగాథ. లోహాల వైపు మళ్లడం వెనక రెండు కారణాలు కనిపిస్తాయి, రెండూ భౌతికశాస్త్రం బయటివే. మొదటిది చట్టం. 1965లో బ్రిటన్ తెచ్చిన సైన్స్ అండ్ టెక్నాలజీ చట్టం అణుశక్తి సంస్థకు అణుశక్తితో సంబంధం లేని పనులు కూడా చేసే వీలు కల్పించింది. 1968లో డైరెక్టర్ అయిన వాల్టర్ మార్షల్ హార్వెల్‌ను పరిశ్రమల దగ్గరికి బలంగా నెట్టారు. మీ దగ్గరున్న విద్య బయట ఎవరికి పనికొస్తుందో చూసుకోండి, డబ్బు తెచ్చుకోండి అన్నది ఆ ధోరణి. రెండోది అరుగుదల మీద వచ్చిన ఒక ప్రభుత్వ నివేదిక. పీటర్ జోస్ట్ నాయకత్వంలో 1966లో వెలువడిన ఆ నివేదిక, యంత్రభాగాల రాపిడి, అరుగుదల, కందెనల విషయంలో జాగ్రత్త పడితే బ్రిటన్ ఏడాదికి 51.5 కోట్ల పౌండ్లు ఆదా చేసుకోవచ్చని లెక్క కట్టింది. అప్పటిదాకా ఫోర్‌మన్ తలనొప్పిగా ఉన్న అరుగుదల ఒక్కసారిగా దేశ ఆర్థిక సమస్య అయింది. యాక్సిలరేటర్ చేతిలో ఉండి, పని వెతుక్కునే శాస్త్రవేత్తకు ఇంతకంటే మంచి సమయం దొరకదు.

1970ల మొదట్లో డియర్నలీ, హార్ట్‌లీ తదితరులు ఉక్కులోకి రకరకాల అయాన్లను కొట్టి, అరుగుదల కొలవడం మొదలుపెట్టారు. ఎక్కువగా వాడింది నైట్రోజన్. చవక, విషం కాదు, ఉక్కులో గట్టి నైట్రైడ్లను తయారు చేస్తుంది. కొలిమిలో నైట్రైడింగ్ చేయడం, అంటే ఉక్కు పైపొరలోకి నైట్రోజన్ పట్టించడం, ఇంజనీర్లకు అప్పటికే పాత విద్య. దానికి సుమారు 500 డిగ్రీల వేడి, గంటల కొద్దీ సమయం కావాలి. ఆ వేడికి కొలతలు మారతాయి, కొన్ని ఉక్కులైతే మెత్తబడతాయి కూడా. అయాన్లను లోపలికి కొట్టే ఈ పద్ధతికి, అంటే అయాన్ ఇంప్లాంటేషన్‌కు, ఆ బాధ లేదు. ముక్క దాదాపు చల్లగానే ఉంటుంది, పాలిష్ చెడదు, కొలత మారదు. అన్నిటికంటే ముఖ్యం, ఇది పైన పూసిన పొర కాదు. గోడకు వేసిన సున్నానికీ, ఊరగాయ ముక్కలోకి పట్టిన ఉప్పుకూ ఉన్న తేడా ఇది. ఊడిపోవడానికి వేరే పొరంటూ లేదు.

ఇక లెక్కల సంగతి. సిలికాన్ చిప్‌లో ఒక చదరపు సెంటీమీటరుకు 10¹² నుంచి 10¹⁵ దాకా అయాన్లు చాలు. ఉక్కు గుణం మారాలంటే సుమారు 3×10¹⁷ కావాలి, ఎందుకంటే పైపొరలో నూటికి పాతిక ముప్ఫై పరమాణువులు నైట్రోజన్‌వే కావాలి. అంటే ఎక్కువ డోసు పడే చిప్‌తో పోల్చినా కొన్ని వందల రెట్లు. ఐదు మిల్లీయాంపియర్ల పుంజం సెకనుకు సుమారు 3×10¹⁶ అయాన్లను ఇస్తుంది. వెయ్యి చదరపు సెంటీమీటర్లంటే అడుగుకు కొంచెం మించిన పళ్లెం ముఖమంత. దానికి సరిపడా నైట్రోజన్ దించడానికి రెండున్నర గంటలకు పైనే పడుతుంది. పైగా పుంజం సూటిగా పోతుంది, పక్కగోడలకూ రంధ్రాల లోపలికీ పట్టాలంటే ముక్కను తిప్పుతూ ఉండాలి. చిప్ చదరపు సెంటీమీటరు ధరతో పోలిస్తే ఉక్కు పనిముట్టు ధర ఎంత? ఒక వైపు వందల రెట్లు ఎక్కువ అయాన్లు, మరో వైపు ఎంతో తక్కువ విలువ. ఈ రంగం ఎదుర్కొన్న ఇబ్బందులన్నీ ఈ రెండు మాటల్లో ఉన్నాయి.

మరి ఫలితాలు? అక్కడే అసలు ఆశ్చర్యం. పొర మందం మైక్రాన్‌లో పదో వంతు. అది అరిగిపోగానే మామూలు ఉక్కు బయటపడి అరుగుదల పాత వేగానికి రావాలి. కానీ చాలా ప్రయోగాల్లో అలా జరగలేదు. పొర లోతుకు ఎన్నో రెట్లు అరిగిపోయాక కూడా అరుగుదల తక్కువగానే ఉంది, ఇంకా అక్కడ నైట్రోజన్ కనిపించింది. డియర్నలీ బృందం వివరణ ఇది: రెండు లోహాలు రాసుకునే చోట చిన్నచిన్న ఎత్తుల మీద క్షణకాలం చాలా వేడి, ఒత్తిడి పుడతాయి. ఆ ఒత్తిడికి ఉక్కు లోపల డిస్‌లొకేషన్లు, అంటే స్ఫటిక వరుసల్లోని లోపాలు, కిందికి కదులుతాయి. వాటిని పట్టుకుని ఉన్న నైట్రోజన్ పరమాణువులు కూడా వాటితో పాటు లోపలికి దిగుతాయి. అరుగుదల ముందుకు పోతుంటే నైట్రోజన్ దానికి ఎదురుగా ఒక అడుగు ముందే ఉంటుంది.

అందరూ దీన్ని ఒప్పుకోలేదు. ఇంకో వివరణ కూడా గట్టిదే. కొత్త భాగాలు మొదటిసారి రాసుకునేటప్పుడు అరుగుదల నెమ్మదిగా సాగే దశలో స్థిరపడుతుందా, తీవ్ర దశలోకి జారుతుందా అన్నది మొదట్లోనే తేలిపోతుంది. నైట్రోజన్ పొర ఆ మొదటి ఘట్టాన్ని దాటిస్తే చాలు, తర్వాత అది లేకపోయినా భాగం నెమ్మదిగానే అరుగుతుంది. పరీక్ష యంత్రం, బరువు, కందెన, ఉక్కు రకం మారితే ఫలితాలు కూడా మారేవి. ఒక ల్యాబ్‌లో పదిరెట్ల మేలు కనిపిస్తే ఇంకో ల్యాబ్‌లో ఏమీ కనిపించేది కాదు. రెండు వివరణలూ చెరో చోట నిజమని అనుకోవడమే సబబుగా ఉంటుంది. అయితే ఈ అనిశ్చితి అమ్మకాలకు మంచిది కాదు. కొనేవాడికి మెకానిజం అక్కర్లేదు, నా డై, అంటే అచ్చు, ఎన్ని గంటలు ఎక్కువ నడుస్తుంది అన్నది కావాలి.

నడిచిన చోట్ల బాగానే నడిచింది. తీగలు లాగే టంగ్‌స్టన్ కార్బైడ్ డైలు, ప్లాస్టిక్ మౌల్డులు, వాటికి ముడిసరుకు తోసే స్క్రూలు, రబ్బరు, కాగితం కోసే కత్తులు. వీటన్నిటిలో ఉన్న పోలిక ఏమిటంటే, పని చేసే చోట వేడి తక్కువ, అరుగుదల నెమ్మది, పనిముట్టు ఖరీదైనది, కొలత తేడా వస్తే సరుకంతా పాడవుతుంది. లోహాన్ని వేగంగా చెక్కే టూల్ అంచుకు ఇది పనికిరాలేదు. అక్కడి వేడికి నైట్రోజన్ నిలవదు. బాల్ బేరింగుల ఉక్కుకు నైట్రోజన్ కంటే వేరే అయాన్లు మెరుగని అమెరికా నావికాదళ పరిశోధనశాలలో తేలింది. విమాన ఇంజన్ బేరింగులకు తుప్పు పట్టకుండా క్రోమియం కొట్టి చూసింది కూడా అక్కడే.

ఆక్సీకరణ విషయంలో ఇంకా వింత ఫలితం వచ్చింది. బ్రిటన్ రియాక్టర్లలో ఇంధన కడ్డీల మీది స్టెయిన్‌లెస్ స్టీలు తొడుగును వేడి కార్బన్ డయాక్సైడ్ తినేస్తుంది. ఆ స్టీలులోకి కొద్దిగా యిట్రియం కొడితే వేల గంటల పాటు ఆక్సీకరణ తగ్గింది. పైన పెరిగిన ఆక్సైడ్ పొర, యిట్రియం దిగిన లోతు కంటే ఎంతో మందమైనా సరే ప్రభావం పోలేదు. యిట్రియం పరమాణువులు పెద్దవి, అవి ఆక్సైడ్ రేణువుల సందుల్లో చేరి, లోహపు అయాన్లు బయటికి పాకే దారులను మూసేస్తాయి. దారి మూయడానికి పిడికెడు చాలు. ఇక్కడ మైక్రాన్‌లో పదో వంతు అన్నది అడ్డంకే కాలేదు.

ఇప్పుడు పుంజాన్నే కొంచెం చూడాలి. చిప్‌ల కోసం కట్టిన ఇంప్లాంటర్‌లో ఒక పెద్ద అయస్కాంతం ఉంటుంది. సోర్స్ నుంచి వచ్చిన అయాన్లలో కావలసిన ద్రవ్యరాశి ఉన్నవాటిని మాత్రమే అది ముందుకు పోనిస్తుంది. చిప్‌కు ఆ శుద్ధి తప్పదు, కోటిలో ఒక్క తప్పుడు పరమాణువు కూడా బాధే. ఉక్కుకు అంత మడి అక్కర్లేదు. నైట్రోజన్ పరమాణువుగా వచ్చినా, రెండు పరమాణువుల అణువుగా వచ్చినా, రెండూ నైట్రోజనే. అయస్కాంతం తీసేస్తే పుంజాన్ని సన్నగా ఉంచాల్సిన పని పోతుంది, వెడల్పు చేయవచ్చు, గదిని పెద్దది చేయవచ్చు. హార్వెల్ పెద్ద గదుల్లో పనిముట్లను వరుసగా పేర్చి ఇలా చేయడం మొదలుపెట్టాకే ధర కొంత దిగింది. కణ భౌతికశాస్త్రంలో పెరిగినవాళ్లకు శుద్ధమైన పుంజం అంటే గర్వం. దాన్ని వదులుకోవడం ఇంజనీరింగ్ నిర్ణయం. నా దృష్టిలో ఈ కథలో ఏ సిద్ధాంతం కంటే ఆ నిర్ణయమే పెద్ద మలుపు.

వెడల్పాటి పుంజం విద్యకు అట్లాంటిక్ అవతల ఇంకో పుట్టిల్లు ఉంది, అది అంతరిక్షం. క్లీవ్‌లాండ్‌లోని నాసా లూయిస్ కేంద్రంలో హెరాల్డ్ కాఫ్‌మన్ 1960 ప్రాంతంలో పాదరస అయాన్లను వెనక్కి చిమ్మి వ్యోమనౌకను నెట్టే ఇంజన్ తయారు చేశారు. 1964 జులై 20న సెర్ట్-1 ప్రయోగంలో అది అంతరిక్షంలో 31 నిమిషాలు పనిచేసింది. తర్వాత ఆయన కొలరాడో స్టేట్ యూనివర్సిటీకి వెళ్లారు. పాదరసం తీసేసి ఆర్గాన్ పెట్టి, ఇంజన్‌ను అంతరిక్షంలోకి కాకుండా వాక్యూమ్ గదిలో ఒక పళ్లెం వైపు తిప్పితే అదే పూతల పనిముట్టు అయింది. పూతలు వేసే ల్యాబుల్లో కాఫ్‌మన్ సోర్స్ అన్న మాట వినపడేది అందుకే. దాన్ని వాడేవాళ్లలో చాలామందికి అది ఒకప్పటి రాకెట్ అని తెలియదు.

1980 ప్రాంతంలో హార్వెల్ ఇంప్లాంటేషన్‌కు అసలు పోటీ వచ్చింది. బంగారు రంగు డ్రిల్ బిట్లు అందరూ చూసినవే. ఆ రంగు టైటానియం నైట్రైడ్‌ది. వాక్యూమ్‌లో టైటానియాన్ని ఆవిరి చేసి, నైట్రోజన్‌తో కలిపి, రెండు నుంచి నాలుగు మైక్రాన్ల మందాన పూస్తారు. విద్యుత్ మెరుపుతో లోహాన్ని ఆవిరి చేసే, సోవియట్ యూనియన్‌లో అభివృద్ధి చేసిన ఆర్క్ పద్ధతి కూడా ఆ కాలంలోనే పశ్చిమ దేశాలకు చేరింది. మందం ఇంప్లాంటేషన్ కంటే ఇరవై నుంచి నలభై రెట్లు, ఒకేసారి వందల ముక్కలు, పైగా కంటికి కనిపించే రంగు. ఈ చివరిదాన్ని తక్కువ చేయకూడదు. అయాన్లు దింపిన డై ముందెలా ఉందో తర్వాతా అలాగే ఉంటుంది, డబ్బిచ్చినవాడికి చూపించడానికి ఏమీ ఉండదు. బంగారు రంగు దానంతట అదే రసీదు. కోత టూల్స్ మార్కెట్ అటు పోయింది, తిరిగి రాలేదు.

పూతలకు వాటి జబ్బు వాటికుంది. వాక్యూమ్‌లో ఆవిరైన పదార్థం చల్లటి పళ్లెం మీద పడితే పరమాణువులకు కదిలే ఓపిక ఉండదు, పడ్డచోటే అతుక్కుంటాయి. పొర స్తంభాలుగా పెరుగుతుంది, స్తంభాల మధ్య సందులుంటాయి. వేడి పెరిగే కొద్దీ ఈ నిర్మాణం ఎలా మారుతుందో కీవ్‌కు చెందిన మోవ్‌చన్, దెమ్‌చిషిన్ 1969లో చూపిన పటాన్ని ఈ రంగంలో ఇప్పటికీ గీస్తారు. వేడి చేస్తే సందులు మూసుకుంటాయి, కానీ కింద ఉన్నది హార్డెనింగ్ చేసిన ఉక్కో, ప్లాస్టిక్కో అయితే ఆ వేడి తట్టుకోలేదు. ఇక్కడ పాత విద్య, కొత్త విద్య కలిశాయి. పూత పడుతుండగానే దాని మీద అయాన్లను కొట్టడం. మొదటి కొన్ని పొరలప్పుడు కొట్టిన అయాన్లు పూత పరమాణువులను అడుగునున్న లోహంలోకి కలిపేస్తాయి, సరిహద్దు గీత చెరిగిపోతుంది. తర్వాత కొట్టినవి సందులను కూరేస్తాయి. పొర మందం ఇప్పుడు పుంజం లోతు మీద ఆధారపడదు. ఎన్ని మైక్రాన్లు కావాలంటే అన్ని. పదేళ్లు డియర్నలీని వెంటాడిన అంకెకు ఇది పక్కదారి జవాబు. ఇంకా లోతుకు దిగే ప్రయత్నం మానేసి, పైకి పెరిగేదాన్ని దిగే అయాన్లతో కుట్టేయడం.

డియర్నలీ 1990ల ఆరంభంలో హార్వెల్ వదిలి టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోకు, సౌత్‌వెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లారు. 1993లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. అక్కడ ఆయన చేతికొచ్చిన పదార్థం డైమండ్-లైక్ కార్బన్, అందరూ డీఎల్‌సీ అనేది. కార్బన్ పరమాణువులు కొంత వజ్రంలోలా, కొంత గ్రాఫైట్‌లోలా కలిసిపోయిన, స్ఫటికం కాని పొర. గట్టిగా ఉంటుంది, అదే సమయంలో జారుతుంది. అయాన్ పుంజంతో ఇలాంటి పొర తయారవుతుందని ఐజెన్‌బర్గ్, షాబో 1971లోనే ప్రకటించారు.

డియర్నలీ ఎంచుకున్న దారిలో చిన్న తమాషా ఉంది. వాక్యూమ్ యంత్రాలతో పనిచేసేవాళ్లకు పంపు నూనె ఆవిరి ఒక పీడ. గదిలోకి వెనక్కి పాకి టార్గెట్ మీద పేరుకుంటుంది, పుంజం తగిలిన చోట మాడి గోధుమ రంగు కార్బన్ మచ్చ అవుతుంది. ఆ మచ్చను గీకి శుభ్రం చేయని యాక్సిలరేటర్ విద్యార్థి ఉండడు. ఆ మచ్చ గీకితే ఒక పట్టాన పోదని కూడా వాళ్లకు తెలుసు. డియర్నలీ పద్ధతిలో డిఫ్యూజన్ పంపుల్లో వాడే పాలీఫినైల్ ఈథర్ లాంటి నూనెనే కావాలని ఆవిరి చేసి ముక్క మీద పట్టించి, నైట్రోజన్ లాంటి అయాన్లతో కొడతారు. హైడ్రోజన్ చాలావరకు ఎగిరిపోయి, గట్టి కార్బన్ పొర మిగులుతుంది. ముక్క వేడెక్కదు. అన్నేళ్లు ల్యాబ్‌లో వదిలించుకోవాలని చూసిన మురికే ముడిసరుకైంది. పుస్తకం చదివి ఈ ఆలోచన రాదు, ఆ మచ్చతో ఏళ్ల తరబడి విసిగినవాళ్లకే వస్తుంది.

ఆ పొరను వాడాలనుకున్న చోట్లలో మనిషి కీళ్లు ఒకటి. కృత్రిమ తుంటి, మోకాలు కీళ్లలో ఒక వైపు లోహం, ఇంకో వైపు పాలీఎథిలీన్ ప్లాస్టిక్. ఏడాదికి లక్షల అడుగులు నడిచే మనిషిలో ఆ ప్లాస్టిక్ సన్నటి పొడిగా రాలుతుంది, ఆ పొడికి శరీరం స్పందించి చుట్టూ ఉన్న ఎముకను తినేస్తుంది, కీలు వదులవుతుంది. అంతకుముందే టైటానియం కీళ్లకు నైట్రోజన్ ఇంప్లాంటేషన్ వాడుకలోకి వచ్చింది. అమెరికాలో స్పైర్ కార్పొరేషన్ దాన్ని వ్యాపారంగా చేసింది. లోహానికి వాడిన పుంజాలను ప్లాస్టిక్ వైపు కూడా తిప్పి, దాని పైపొరను గట్టిపరచవచ్చన్న పేటెంట్లలో డియర్నలీ పేరుంది.

ఇంప్లాంటేషన్‌కూ పూతకూ మధ్య తేడా ఎంత ముఖ్యమో కీళ్ల దగ్గరే బయటపడింది. యూరప్‌లో 1990ల్లో వేరే పద్ధతిలో డీఎల్‌సీ పూసిన తుంటి బంతులు రోగులకు అమర్చారు. ల్యాబ్ పరీక్షల్లో అవి చక్కగా నిలిచాయి. శరీరంలో కొన్నేళ్లు గడిచేసరికి కొన్నింటిలో పూత అక్కడక్కడా లేచిపోయింది. పూతలోని సూదిమొన రంధ్రాల గుండా శరీర ద్రవం దిగి, పూతకూ లోహానికీ మధ్య ఉన్న పొరను నెమ్మదిగా తినేసింది. ఊడిన గట్టి పెంకు ప్లాస్టిక్‌ను ఆకురాయిలా చెక్కింది. పూత వేయనిదానికంటే ఫలితం అధ్వానం. పది లక్షల చక్రాల సిమ్యులేటర్ పరీక్ష రాపిడిని అంచనా వేస్తుంది, ఉప్పునీటిలో ఏళ్ల తరబడి జరిగే తుప్పును అంచనా వేయదు. ఊడే పొర లేకపోవడం అన్న ఇంప్లాంటేషన్ పాత గుణం విలువ అలాంటి చోట తెలుస్తుంది.

డీఎల్‌సీ విజయం మాత్రం ఇంకోచోట, ఎవరూ పెద్దగా గమనించని చోట వచ్చింది. కంప్యూటర్ హార్డ్ డిస్కుల మీద కొన్ని నానోమీటర్ల కార్బన్ పొర, 1998లో వచ్చిన జిలెట్ మాక్3 షేవింగ్ బ్లేడు అంచు, కార్ల ఇంజన్లలో రాసుకునే భాగాలు. వీటిలో చాలావాటికి అయాన్ పుంజం కాకుండా ప్లాస్మా (అయాన్లుగా మారిన వాయువు) వాడతారు, లేదంటే ఆర్క్. ముక్కను నేరుగా ప్లాస్మాలో ముంచి నెగటివ్ వోల్టేజి ఇస్తే అన్ని వైపుల నుంచీ అయాన్లు వచ్చి తగులుతాయి, తిప్పే పని కూడా ఉండదు. విస్కాన్సిన్ యూనివర్సిటీలో జాన్ కాన్రాడ్ 1980ల్లో ఇంప్లాంటేషన్‌కు కూడా ఇదే దారి చూపారు. అయాన్ల భౌతికం మిగిలింది, పుంజం చాలా చోట్ల పోయింది.

పుంజం పోని చోటొకటి ఉంది, అద్దాలు. ఆర్గాన్ పుంజంతో టార్గెట్‌ను కొట్టి రాలిన పరమాణువులతో పొరలు వేస్తే అవి దాదాపు సందులు లేకుండా వస్తాయి. విమానాల మలుపులను కొలిచే లేజర్ జైరోస్కోపుల అద్దాల కోసం 1970ల్లో ఇది మొదలైంది. 2015 సెప్టెంబర్ 14న గురుత్వ తరంగాలను పట్టుకున్న లైగో అద్దాల పూత కూడా ఈ పద్ధతిదే. 40 కిలోల సిలికా గాజు మీద సిలికా, టాంటలా (టాంటలం ఆక్సైడ్) పొరలు ఒకదాని మీద ఒకటి వేశారు. ఫ్రాన్స్‌లో లియాన్ దగ్గరి ప్రయోగశాల ఆ పని చేసింది. ఇప్పుడు లైగో సున్నితత్వానికి ఉన్న హద్దుల్లో ఒకటి ఆ పూతలో పరమాణువుల వేడి కదలికే. మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో 2023లో కేంద్ర ప్రభుత్వం అనుమతించిన లైగో-ఇండియాకు కూడా ఈ తరహా అద్దాలే కావాలి. ధర గురించి ఎవరూ బేరమాడని చదరపు సెంటీమీటర్లు దొరికితే అయాన్ పుంజానికి ఎదురే లేదు.

ఈ చరిత్రకు హైదరాబాద్‌లో రెండు నిజమైన చిరునామాలున్నాయి. ఈసీఐఎల్ ప్రాంతంలో భాభా అణు పరిశోధన కేంద్రానికి చెందిన ఎన్‌సీసీసీఎం, అంటే పదార్థాల్లో ఏయే మూలకాలున్నాయో తేల్చే జాతీయ కేంద్రం, ఉంది. అక్కడి 3 మెగావోల్టుల టాండెట్రాన్ యాక్సిలరేటర్ నుంచి వచ్చే అయాన్లు పదార్థంలో ఏ మూలకం ఎంత లోతులో ఎంత ఉందో కొలుస్తాయి. రూథర్‌ఫర్డ్ ప్రయోగంలో వెనక్కి తిరిగిన కణాల సూత్రమే. రెండోది బాలాపూర్‌లో 1997లో మొదలైన ఏఆర్‌సీఐ, లోహపు పొడుల, కొత్త పదార్థాల పరిశోధన కేంద్రం. రష్యా, ఉక్రెయిన్, బెలారస్ లాంటి దేశాల సాయంతో పెరిగిన సంస్థ కావడంతో, పేలుడుతో పొడిని చిమ్మే డిటొనేషన్ స్ప్రే నుంచి ఆర్క్ పద్ధతి దాకా ఆ ప్రాంతపు పూతల విద్య అక్కడికి చేరింది. వందల మైక్రాన్ల మందపు స్ప్రే పూతలకూ, వాక్యూమ్‌లో ఆవిరి చేసి వేసే మైక్రాన్ల పీవీడీ పూతలకూ ఒకే ఆవరణలో చోటుంది.

మన యూనివర్సిటీల్లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ విద్యార్థి రూథర్‌ఫర్డ్ సూత్రాన్ని పరీక్ష కోసం రాబడతాడు, అదే సూత్రం ఊళ్లోని ల్యాబ్‌లో పూత మందాన్ని కొలుస్తోందని చాలామందికి చెప్పేవాళ్లుండరు. కోటింగ్ యూనిట్‌లో ఉద్యోగానికి వెళ్తే అక్కడ కనిపించే పని కూడా పాఠ్యపుస్తకంలో ఉండదు. ముక్క మీద నూనె, తుప్పు, చేతి చెమట లేకుండా కడగడంలోనే సగం విజయం ఉంటుంది. మిగతా సగం ముక్కలను జిగ్‌లో, అంటే వాటిని పట్టి ఉంచే చట్రంలో, ఎలా నిలబెట్టాలన్నదాంట్లో ఉంటుంది, నీడ పడిన చోట పూత పడదు కాబట్టి. మాత్రలు ఒత్తే పంచ్‌లు తెచ్చిన ఫార్మా కంపెనీ మనిషి గట్టిదనం ఎంతని అడగడు. పొడి అంటుకోకుండా ఎన్ని లక్షల మాత్రలు వస్తాయి, పూత పోయాక పంచ్ పాడవకుండా దాన్ని తీసి మళ్లీ వేయగలరా అని అడుగుతాడు. హార్వెల్‌లో డైలు తెచ్చినవాళ్లు అడిగిందీ దాదాపు ఇదే. ఇంప్లాంటేషన్ అయితే రెండో ప్రశ్నకు జవాబు తేలిక, తీయాల్సిన పొరే లేదు, మళ్లీ గదిలో పెడితే చాలు. మొదటి ప్రశ్నకు మాత్రం ఆ పంచ్‌తో, ఆ పొడితో, ఆ ప్రెస్ మీద నడిపి చూసి చెప్పాల్సిందే.